గతించిన యంత్రమునకు దుబాసి

(సంఘ వార్షికోత్సవ సభలో చేసిన ప్రసంగపు పాఠము)



ఏటేట ఈ వేదికపై తిక్కన నాటకీయతను గూర్చియు, పోతన భక్తిని గూర్చియు పెద్దలు ప్రసంగించుట మీరు వినియున్నారు. ఈ యేడు కార్యదర్శిగారు నన్ను పిలిచి, "ఆఫీసులో కంప్యూటరు మొరాయించినప్పుడెల్ల నిన్నే పిలుచుచున్నాము గదా, వానిని గూర్చియే నాలుగు మాటలు చెప్పవయ్యా" అనిరి. చెప్పెదను. కాని ఆఫీసు కంప్యూటరును గూర్చి కాదు. పిల్లలు టీవీకి తగిలించుకొని ఆడెడి వీడియో గేమును గూర్చియు, ఆ యంత్రము చచ్చిన పిదప దానిని మరల పలికించు ఎమ్యులేటరును గూర్చియు చెప్పెదను. ముందు వరుసలో కొందరు నవ్వుచున్నారు. ఆ నవ్వు నాకు అలవాటే.

మన భిలాయి ఉక్కు కర్మాగారమునకై సోవియట్ దేశముతో 1955 ఫిబ్రవరి 2వ తేదీన ఒడంబడిక కుదిరినది. 1959 ఫిబ్రవరి 4వ తేదీన రాష్ట్రపతి రాజేంద్రప్రసాదుగారు తొలి బ్లాస్ట్ ఫర్నేసును ప్రారంభించిరి. శ్రీకాకుళము నుండి వచ్చి ఆ పనిలో కుదిరిన మా తాతగారు ఆనాటి దుబాసీల కథలు చెప్పెడివారు. రష్యను ఇంజనీరు ఏదో అనును; నడుమ దుబాసి హిందీలో చెప్పును; ఆ హిందీ మా తాతగారికి సగమే తెలియును. ఆయన ఒక మాట తరచుగా అనెడివారు: ఇంజనీరు కసరుకొనినచో ఆ కసరును గూడ తెచ్చి యిచ్చువాడే మంచి దుబాసి, మర్యాదకై దానిని మ్రింగివేయువాడు కొలిమి దగ్గర మనుష్యుని ప్రాణము తీయును.

ఎమ్యులేటరు అట్టి దుబాసి. పాత యంత్రమునకై వ్రాసిన ఆజ్ఞలను ఒక్కొక్కటిగా చదివి, ఆ యంత్రమేమి చేసియుండెడిదో దానినే క్రొత్త కంప్యూటరుచేత చేయించు ప్రోగ్రాము. అది కసరును మ్రింగునా, తెచ్చి యిచ్చునా అనునదే నేటి ప్రసంగమంతయు.

1983లో జపానులో నింటెండోవారు ఫ్యామిలీ కంప్యూటరు అను ఆటపెట్టెను వెలువరించిరి. అందలి ప్రధానమైన చిప్పును రికో కంపెనీ చేసినది; అది 1975లో అమెరికాలో మాస్ టెక్నాలజీవారు చేసిన 6502 అను చిప్పునకు సంతతి. అది సెకనుకు 17,89,773 అడుగులు వేయును. పని చేయుటకు దానికున్న జ్ఞాపకము 2 కిలోబైట్లు. నేను చేతబట్టుకొనియున్న ఈ ప్రసంగమును నేటి కంప్యూటరు తెలుగు అక్షరముల లెక్కన దాచినచో అందు మొదటి పుటకూడ పూర్తిగా పట్టదు. అంత యిరుకులో 1985 నాటి సూపర్ మారియో ఆట నడిచినది.

ఎట్లు నడిచినదనగా, తోలుబొమ్మలాటవారి ఉపాయముచేత. బొమ్మలు వేయుటకు ప్రత్యేకముగా ఇంకొక చిప్పు కలదు. అది తెరనంతను ఒక చిత్రముగా దాచుకొనదు. ఎనిమిది చుక్కల వెడల్పు, ఎనిమిది చుక్కల ఎత్తు గల చిన్న తునకలను అడ్డముగా 32, నిలువుగా 30 పేర్చి వెనుక తెరను కట్టును. దాని ముందు కదలు బొమ్మలు 64 వరకు నిలుపవచ్చును. ఒకే తోలుబొమ్మను వేఱు వేఱు పాత్రలకు వాడుకొనుట మన ఆటగాండ్రకు తెలిసినదే గదా. మారియో ఆటలో ఆకాశమున మేఘమును, నేలపై పొదయు ఒకే బొమ్మ. రంగు మాత్రమే వేఱు. చిన్నప్పుడు వందలసార్లు చూచియు నేను దీనిని గుర్తింపలేదు. మీ యింటి పిల్లలకు చూపుడు, ఆశ్చర్యపడుదురు.

ఆ చిప్పునకు ఒక లోపము కలదు. ఒకే అడ్డగీతపై ఎనిమిదింటిని మించి కదలు బొమ్మలు వచ్చినచో తొమ్మిదవది కనబడదు. అందుచేత ఆట వ్రాసినవారు ఒక్కొక్క క్షణమున ఒక్కొక్క బొమ్మను వంతులవారీగా మాయము చేయుదురు. తెరపై అవి మినుకుమినుకుమనును. నేటి ఎమ్యులేటరులలో ఈ లోపమును తీసివేయు వసతి యున్నది. తీసివేసినచో బొమ్మలన్నియు నిండుగా కనబడును. బాగేకదా అందురు. కాని కొన్ని ఆటలు ఈ లోపమునే ఆసరాగా గొని, దాచవలసిన బొమ్మను దాచుచుండెను. లోపము పోయినంతనే దాగవలసినది బయటపడును. కసరును మ్రింగిన దుబాసి యన్నమాట.

ఇక నాకు మిక్కిలి యిష్టమైన భాగమునకు వచ్చుచున్నాను. సాంకేతికము కొంచెము ఎక్కువగును, ఓర్చుకొనుడు.

జపానులో టీవీ సెకనుకు 60 సార్లు తెరను గీసెడిది. మన దేశమున వాడిన పాల్ పద్ధతిలో 50 సార్లు. ఆట యొక్క నడకయు, పాట యొక్క నడకయు ఈ గీతపైననే ఆధారపడియుండును. తెర ఒకమారు పూర్తియైనంతనే చిప్పునకు పిలుపు వచ్చును, ఆ పిలుపునకే పాట ఒక అడుగు ముందుకు జరుగును. టీవీ యిచట తాళము వేయువాడన్నమాట. పాల్ దేశములకై నింటెండోవారు వేఱుగా చిప్పులు చేసిరి. వానిలో తాళము 50కి తగ్గుటయే గాక ప్రధానపు చిప్పు వేగము గూడ 16,62,607కు తగ్గెను. పాట స్థాయి చిప్పు వేగమును బట్టి యుండును గావున, జపాను ఆటను అందులో పెట్టినచో పాట నెమ్మదించుటయే గాక ఒక స్వరస్థానమునకు మించి క్రిందికి దిగిపోవును.

కాని మన యిండ్లకు వచ్చినవి ఆ యంత్రములు కావు. 1990ల నాటి మన బజారులలో అమ్ముడైనవి తూర్పు ఆసియాలో తయారైన నకలు పెట్టెలు. రష్యాలో అట్టిదే 1992 డిసెంబరులో డెండీ అను పేర వెలువడి ఇంటింటి మాట అయినది. ఈ నకలుచిప్పులు చేసినవారెవరో గాని, గట్టివారు. జపాను ఆటలు పాల్ టీవీపై చెడకుండ ఆడవలెనని వారు చేసిన యుక్తి చూడుడు. జపాను యంత్రములో తెరపై ఒక గీత గీయు కాలములో ప్రధానపు చిప్పు 113 అడుగులకు పైగా వేయును. పాల్ యంత్రములో 106 మాత్రమే. మారియో ఆటలో పైనున్న అంకెల వరుస కదలక, క్రింది లోకము కదలుట చూచియుందురు. వరుసలోని నాణెపు బొమ్మ అడుగున ఒక తునకను దాచి, గీత అచటికి వచ్చినంతనే క్రిందిభాగమును జరుపుట మొదలిడుదురు. ఇట్టి గారడీలలో చాలవరకు అడుగుల లెక్కపైననే నిలుచును. నకలు చేసినవారు వేగమును 17,73,448కి ఉంచి, గీతకు 113 అడుగుల లెక్కను కాపాడిరి. పాల్ టీవీకి 50 గీతలు అదనముగా కావలెను గదా, వానిని చిప్పునకు పిలుపు రాకముందే ఊరక గడిపివేసిరి. ఆటకు తాను జపానులోనే యున్నట్లు తోచును. నేటి మంచి ఎమ్యులేటరులలో, ఉదాహరణకు మెసెన్‌లో, జపాను-అమెరికా పద్ధతి, పాల్ పద్ధతి గాక మూడవదిగా డెండీ అను పద్ధతి యుండుటకు కారణమిదియే.

ఈ మూడవ పద్ధతి నాకు ఎట్లు పరిచయమైనదో చెప్పెదను.

1994లో, ఈ ప్రాంతము ఇంకను మధ్యప్రదేశములో నుండగా, మా నాన్నగారు దసరా బోనసు రాగానే సుపేలా ఆదివారపు సంతలో అట్టి పెట్టె నొకటి కొనితెచ్చిరి. తయారీదారు పేరు చెప్పను. చెప్పినను ఆ పేరున నేడు ఎవరును లేరు. దానితో వచ్చిన కార్ట్రిడ్జిపై 9999 ఆటలని వ్రాసియుండెను. లెక్కపెట్టగా ఏడు. నేను ఆరవ తరగతి, తమ్ముడు మూడవ తరగతి. వాడు ఆడుచుండగా లోపలి గదిలో వంట చేయుచు అమ్మ ఆ పాటను ప్రతి సాయంకాలమును వినెడిది. ఆమె తెరవైపు ఎన్నడును చూచి యెరుగదు. 2003లో తమ్ముడు మమ్ము విడిచిపోయెను. ఆ పెట్టె అంతకుముందే పాడైపోయినది.

2019లో ఒక ఆదివారమున కుమ్హారిలోని మా యింట నేను కంప్యూటరులో ఎమ్యులేటరును పెట్టితిని. అమ్మ ప్రక్కన కూర్చుండి బియ్యము ఏరుచున్నది. మారియో పాట మొదలయినది. అది జపాను పద్ధతి. ఆమె తల యెత్తి, "ఇదేట్రా, ఎవడో తరుముతున్నట్టు పరిగెడతంది?" అనెను. నేను పాల్ పద్ధతికి మార్చితిని. "నడక సరిపోయింది గానీ గొంతు మారిపోనాది, జలుబు సేసినోడు పాడినట్టు" అనెను. అప్పటికి నాకు డెండీ పద్ధతి ఏమిటో తెలియదు, జాబితాలో మిగిలినది కావున నొక్కితిని. ఆమె కొంతసేపు ఏమియు అనలేదు. పిమ్మట, "ఇదే. ఆడు ఆడినప్పుడు ఇలాగే ఉండీది" అని మరల చేటలోనికి చూచుకొనెను.

అమ్మకు హెర్ట్జు తెలియదు. కాని ఆమె చెప్పిన మూడు తీర్పులును అంకెలతో సరిపోవుచున్నవి: మొదటిదానిలో తాళము ఐదవ వంతు అధికము, రెండవదానిలో తాళము సరియైనను స్థాయి తక్కువ, మూడవదానిలో రెండును మా యింటి పెట్టెవి. ఆ రాత్రి నేను కూర్చుండి ఆ లెక్కలన్నియు వేసికొంటిని.

పాట కట్టిన కోజీ కోండోగారి తలంపు 60 తాళపుదే గదా, మీది తప్పు పాట గదా అని ఒక మిత్రుడు అడిగెను. నిజమే. కాని భద్రపరచవలసినది కర్త తలంపు ఒక్కటియేనా? ఆ యంత్రమునకు స్విచ్చి తీసినంతనే 2 కిలోబైట్లును చెరిగిపోవును. ఆడినవాని గుర్తు ఒక్కటియు అందు మిగులదు. మా తమ్ముడు ఆడినట్టి ఆట ప్రపంచమున ఎక్కడనైన నిలిచియున్నచో, ఎవరో అజ్ఞాతులు ఒక నకలుచిప్పును గొలిచి, దాని తప్పులతో సహా వ్రాసిపెట్టుటవలననే నిలిచినది.

అట్లు కొలుచుట సామాన్యము కాదు. 6502కు 256 ఆజ్ఞలు సాధ్యము. తయారుచేసినవారు పుస్తకములో చెప్పినవి 151. తక్కినవానికి చిప్పు ఏదో ఒకటి చేయును, కొందరు ఆటలలో వానిని వాడిరి గూడ. కావున పుస్తకమును నమ్మిన చాలదు. 2010లో కొందరు ఔత్సాహికులు ఆ చిప్పు పైకప్పును తొలగించి, సూక్ష్మదర్శినితో ఛాయాచిత్రములు తీసి, తీగ తీగనూ గుర్తించి, దాని నడకను కంప్యూటరు తెరపై చూపిరి. పుస్తకములో లేని ఆజ్ఞలు ఎట్లు పనిచేయునో అప్పుడు కంటికి కనబడెను. శాసనమునకు ప్రతిబింబము తీయుటకును దీనికిని భేదము నాకు కనబడదు.

మనము ప్రభుత్వోద్యోగులము గావున న్యాయాన్యాయముల మాట తప్పింపరాదు. ఎమ్యులేటరు వేఱు, ఆట వేఱు. సోనీవారి ప్లేస్టేషనుకు ఎమ్యులేటరు చేసిన కనెక్టిక్స్ అను కంపెనీపై సోనీవారు దావా వేయగా, 2000లో అమెరికా అప్పీలు న్యాయస్థానము కనెక్టిక్స్ పక్షమున చెప్పినది. మరుసటి సంవత్సరమే సోనీవారు ఆ ప్రోగ్రామును కొని మూలకు వేసిరి! మన 1957 నాటి కాపీరైటు చట్టములో 52వ సెక్షను, న్యాయముగా సంపాదించిన ప్రోగ్రాము నష్టపోకుండ నకలు ఉంచుకొనుటను, దాని పనితీరును పరిశీలించుటను అనుమతించుచున్నది. ఆటలను ఊరందరికి పంచుటను అనుమతింపదు. చిక్కేమనగా, మా 9999 ఆటల కార్ట్రిడ్జియే దొంగసొత్తు. అందలి ఏ ఆటకును ఎవరును పైకము పుచ్చుకొనియుండరు. నేను యంత్రమును కొలుచుచున్నాను, ఆటలను పంచుట లేదు. ఇంతవరకు నా మనస్సునకు సమాధానము చెప్పుకొంటిని, పూర్తిగా కుదుటపడినదని చెప్పలేను. మరొకవంక 2023లో వీడియో గేం హిస్టరీ ఫౌండేషనువారు లెక్కించి, 2010కి పూర్వము అమెరికాలో వెలువడిన ఆటలలో నూటికి 87 నేడు కొందమన్నను దొరకవని తేల్చిరి. అమ్మనివానిని కొనుట యెట్లు? నింటెండోవారే 2016లో తమ పాత ఆటలను ముప్పదింటిని చిన్న పెట్టెలో పెట్టి అమ్మినప్పుడు ఆ పెట్టెలో నడిచినది ఎమ్యులేటరే.

ఇది ఆటలతో పోవు మాట కాదు. మన సంఘపు పాత సంచికలు యూనికోడుకు పూర్వపు అక్షరములతో పేజ్‌మేకరులో కూర్చినవి. గడచిన మాసమున ఒక దానిని తెరచి చూడగా తెలుగు అక్షరమొక్కటి లేదు, అన్నియు పిచ్చి గుర్తులే. నా కంప్యూటరులోనే ఒక విండోస్ 98 యంత్రమును కల్పించి, ఆ నాటి అక్షరములను అందులో ఎక్కించి తెరచినప్పుడు గాని మన పాత అధ్యక్షులవారి సందేశము కనబడలేదు. అప్పుడు కార్యదర్శిగారు నవ్వలేదు.

ఇక మీ వలన నాకు కావలసినది. మీ అటకలపై ఆనాటి పెట్టెలు, కార్ట్రిడ్జీలు ఉన్నచో పాతసామానుల వానికి వేయకుడు. పని చేయనివైనను సరే. నోటితో ఊదకుడు, తేమకు లోహము చెడును, ఉప్పుకాగితముతో రుద్దకుడు, ఐసోప్రొపైల్ ఆల్కహాలులో ముంచిన దూదితో తుడిచి, ఆరనిచ్చి నాకు చూపుడు. లోపలి చిప్పుపైనున్న అంకెలు వ్రాసికొని, కొలతలు తీసికొని, వస్తువును మీకే తిరిగి యిచ్చెదను. ఒక్కొక్క నకలుపెట్టె తాళము ఒక్కొక్క తీరున నుండవచ్చును.

సభానంతరము ప్రక్కగదిలో ఒక పాత టీవీని, సంతలో మొన్న దొరికిన ఒక పెట్టెను అమర్చియుంచితిని. అది ఇంకను మా యింట పెట్టి చూడలేదు. అమ్మ గూడ సభకు వచ్చియున్నది. మొదట ఆమె విని చెప్పవలెను.