పార్టీల లెక్కలు, ఓటు హద్దులు: తొలినాటి అమెరికా

మాస్టారి పేరిట జరిగే ఈ ఉపన్యాసానికి నన్ను పిలిచిన వారి కుటుంబానికి కృతజ్ఞతలు. చరిత్రలో పెద్ద మాటలు వినబడితే ముందు ఓటర్ల జాబితా తెచ్చి చూడమనేవారు మాస్టారు. ఈ సాయంత్రం ఆ పనే చేద్దాం.

అమెరికా తొలితరం నాయకులకు పార్టీ అంటే గిట్టదు. 1787లో రాసుకున్న రాజ్యాంగంలో దాని ఊసే లేదు. 1796లో పదవి నుంచి తప్పుకుంటూ వాషింగ్టన్ పార్టీల పోరు దేశానికి చేటని గట్టిగా హెచ్చరించాడు. కానీ అంతకు ముందే ఆయన మంత్రివర్గంలోనే హామిల్టన్, జెఫర్సన్ చెరో దారి పట్టి, చెరో పత్రికను వెనక నిలబెట్టుకుని తిట్టించుకున్నారు. హామిల్టన్ వైపువాళ్లు ఫెడరలిస్టులు, జెఫర్సన్ వైపువాళ్లు రిపబ్లికన్లు. నేడు ఆ పేరుతో ఉన్న పార్టీ వేరు. 1800 ఎన్నికల్లో రిపబ్లికన్ ఎలక్టర్లందరూ తమ రెండేసి ఓట్లనూ కట్టుగా వేయడంతో, అధ్యక్షుడు కావలసిన జెఫర్సన్‌కూ, ఉపాధ్యక్షుడు కావలసిన ఆరన్ బర్‌కూ సమానంగా 73 ఓట్లు వచ్చి కూర్చున్నాయి. ప్రతినిధుల సభలో 36 సార్లు ఓటింగ్ జరిగితే గానీ జెఫర్సన్ గెలుపు తేలలేదు. రాజ్యాంగం రాసినవాళ్లు పార్టీ అనేదాన్ని ఊహించలేదనడానికి వేరే సాక్ష్యం అక్కర్లేదు.

పాఠ్యపుస్తకం ఇక్కణ్ణుంచి సాఫీగా సాగిపోతుంది. పార్టీలు బలపడ్డాయి, ఆస్తి అర్హతలు పోయాయి, సామాన్యుడికి ఓటొచ్చింది. అబద్ధమేమీ కాదు. కాకపోతే ఆ చట్టాలను చివరిదాకా చదవాలి.

మనవాళ్లు వేలాదిగా కాపురముంటున్న న్యూజెర్సీనే తీసుకోండి. 1776 నాటి ఆ రాష్ట్ర రాజ్యాంగం ఓటరు మగవాడై ఉండాలని అనలేదు. యాభై పౌన్ల ఆస్తి, ఏడాది నివాసం ఉన్న ‘నివాసులందరికీ’ ఓటిచ్చింది. 1790లో కొన్ని కౌంటీలకు, 1797లో రాష్ట్రమంతటికీ చేసిన ఎన్నికల చట్టాలు ఓటరును ‘అతడు లేదా ఆమె’ అని విడమరిచి చెప్పాయి. పెళ్లయితే ఆస్తి భర్త చేతికి పోయేది కాబట్టి ఓటు దక్కింది వితంతువులకు, పెళ్లికాని స్త్రీలకు. ఇదంతా కాగితం మీది ముచ్చట అనుకునేవాళ్లు చాలాకాలం ఉన్నారు. ఈమధ్యనే పాత చిట్టాలు బయటపడ్డాయి. సోమర్‌సెట్ కౌంటీలోని మాంట్‌గమరీ టౌన్‌షిప్‌లో 1801 అక్టోబరులో ఓటేసిన 343 మందిలో 46 మంది ఆడవాళ్లు. ఎనిమిదింట ఒక వంతు కంటే ఎక్కువ! గుమాస్తా ఆ పేర్లను వేరే పట్టీలో కాదు, మగవాళ్ల పేర్ల మధ్యనే వరసగా రాసుకుపోయాడు. నాకు అన్నిటికంటే నచ్చిన సంగతి అదే.

మరి ఆ ఓటు ఎలా పోయింది? 1797లో ఎలిజబెత్‌టౌన్‌లో ఫెడరలిస్టులు ఆడవాళ్లను పోలింగుకు తరలించారు. రిపబ్లికన్ అభ్యర్థి జాన్ కాండిక్ట్ ఓడిపోవలసినవాడు కొద్దిలో గట్టెక్కాడు. ఆ తర్వాత రెండు పార్టీలూ ఆడవాళ్ల ఓట్ల కోసం పోటీపడ్డాయి. ఓడినప్పుడు మాత్రం తప్పంతా ఆడవాళ్ల మీదకు నెట్టాయి. 1807లో ఎసెక్స్ కౌంటీ న్యాయస్థానం నెవార్క్‌లో కట్టాలా, ఎలిజబెత్‌టౌన్‌కు దగ్గరలో కట్టాలా అని ఓటింగ్ పెడితే, ఓటర్లకు మించి ఓట్లు పడ్డాయి. మగవాళ్లు చీరలు, అంటే వాళ్ల గౌన్లనుకోండి, చుట్టుకుని రెండోసారి ఓటేశారని గోల. మోసం చేసింది మగవాళ్లని ఆరోపణ, శిక్ష ఆడవాళ్లకు. ఆ నవంబరులో కాండిక్టే ముందుండి నడిపించిన చట్టంతో, పన్ను కట్టే తెల్లజాతి పురుష పౌరులందరికీ ఓటొచ్చింది. ఆస్తి అర్హత దాదాపు పోయినట్టే. ఆ ఒక్క వాక్యంతోనే స్త్రీలూ, నల్లజాతి స్వతంత్రులూ బయటికిపోయారు. రాజ్యాంగం ఇచ్చిన హక్కును మామూలు శాసనంతో తీసేసినా, రెండు పార్టీల్లో ఎవరూ పెద్దగా అడ్డుచెప్పలేదు.

న్యూయార్క్ ఇంకాస్త పకడ్బందీగా చేసింది. అక్కడ కొత్త రాజకీయానికి సూత్రధారి మార్టిన్ వాన్ బ్యూరెన్. కిండర్‌హుక్ ఊళ్లో పూటకూళ్లిల్లు నడిపినవాడి కొడుకు. టోపీకి జింకతోక తగిలించుకు తిరిగే అతని వర్గాన్ని బక్‌టెయిల్స్ అనేవారు. 1821లో ఆల్బనీలో రాజ్యాంగ సమావేశం జరిగినప్పుడు ఆస్తి అర్హత ఉండాల్సిందేనని వాదించిన న్యాయకోవిదుడు జేమ్స్ కెంట్ ఓడిపోయాడు. పన్ను కట్టినా, మిలీషియాలో పనిచేసినా, రోడ్డు పని చేసినా తెల్లవాడికి ఓటు ఖాయమైంది. నల్లవాళ్ల సంగతి వచ్చేసరికి లెక్క మారింది. అప్పటిదాకా ఆస్తి ఉన్న నల్లవాళ్లు ఓటేసేవారు, ఎక్కువగా ఫెడరలిస్టులకు. ముసాయిదాలోని ‘తెల్లజాతి’ అన్న మాట తీసెయ్యాలని సమావేశ సభ్యుడు పీటర్ జే ప్రతిపాదిస్తే 63కు 59 ఓట్లతో నెగ్గింది. అక్కడితో ఆగితే బాగుండేది. నల్లవాడికి మూడేళ్ల నివాసం, 250 డాలర్ల ఆస్తి ఉండాలన్న షరతు మరో దారిన లోపలికి వచ్చింది. ‘తెల్లజాతి’ మాట తీసెయ్యడానికి ఓటేసిన వాన్ బ్యూరెనే ఈ షరతునూ సమర్థించాడు, ఆస్తి సంపాదించుకోవడానికి ప్రోత్సాహంగా ఉంటుందని! తెల్ల కూలీకి అడ్డంకి అనుకున్న ఆస్తి, నల్ల కూలీకి ప్రోత్సాహమయింది. వాన్ బ్యూరెన్‌ను దుర్మార్గుడని నేననను. ఓట్లు లెక్కపెట్టడం అతనికి బాగా తెలుసు, అంతే.

1828లో ఆండ్రూ జాక్సన్‌ను 178 ఎలక్టర్ల ఓట్లతో గెలిపించిన కూటమిని కట్టిందీ ఇతనే. ఇక జాతర మొదలైంది. 1840లో ఆ కూటమికి ఎదురు నిలిచిన విగ్ పార్టీ తన అభ్యర్థి హారిసన్‌ను దుంగల గుడిసె మనిషిగా ఊరేగించింది. పుట్టింది వర్జీనియా జమీందారీ భవంతిలో అయితేనేం! ఓటర్లలో దాదాపు 80 శాతం పోలింగుకు వచ్చారు. ఆ 80 శాతం దేనిలో శాతమో అడగకుండా ప్రజాస్వామ్యం విస్తరించిందనడం తొందరపాటు. రెండేళ్ల కిందటే, 1838లో, పెన్సిల్వేనియా కూడా తన రాజ్యాంగంలో ‘తెల్లజాతి’ అన్న మాట చేర్చుకుంది.

న్యూయార్క్ ఓటర్లు ఆ 250 డాలర్ల షరతును ఎత్తేసే అవకాశాన్ని 1846లో కాదన్నారు. 1860 నవంబరులో రాష్ట్రాన్ని లింకన్‌కు అప్పగించిన రోజునే రెండోసారి కాదన్నారు. అంతర్యుద్ధం అయ్యాక, 1869లో, మూడోసారి. చివరికి 1870లో పదిహేనో రాజ్యాంగ సవరణ వచ్చి, వాళ్ల ఇష్టంతో పనిలేకుండా దాన్ని కొట్టేసింది. న్యూజెర్సీ ఆడవాళ్లు 1920 దాకా ఆగాల్సి వచ్చింది.