యంత్రనిద్రకు సులభ సూత్రము

మూసిన ల్యాప్‌టాప్ నిద్రించుట, తెరువగానే మేల్కొనుట మనమెరిగినదే. నిద్రకు ముందు పరికరపు స్థితిని భద్రపరచి, పిదప పునరుద్ధరించు భారము ఆ పరికరపు డ్రైవరుది. అది తప్పినచో తెర వెలుగదు, లేదా శబ్దము రాదు.

లినక్సునందు ఇందులకై రెండు ఫంక్షన్లు వ్రాయుదురు. నిద్రాసౌకర్యము లేకుండ కూర్చిన కెర్నెలులో అవి వ్యర్థములు గనుక, పూర్వము వాటి చుట్టును షరతుల కంచె కట్టెడివారు. అట్టి కెర్నెలును కూర్చునపుడు కంచెలోని దానిని కంపైలరు చూడనే చూడదు. అందలి దోషము మరియొకరి యంత్రమున బయల్పడు వరకు దాగియుండెడిది. కంచె లేకున్ననో, వాడని ఫంక్షనని హెచ్చరిక!

2022లో వెలువడిన 5.17వ కెర్నెలుతో ‘డిఫైన్ సింపుల్ డెవ్ పీయం ఆప్స్’ మొదలగు మాక్రోలు వచ్చినవి. వీటితో కంపైలరు ఆ ఫంక్షన్లను ఎల్లప్పుడును పరీక్షించి, అక్కరలేనిచో తానే విడిచిపెట్టును. డ్రైవర్లు వ్రాయు మన యువకులు తరచు పాత ఫైలునే నకలుచేసి మొదలిడుదురు. అందు కంచె కనబడినచో ముందు దానిని తీసివేయవలెనని మా మనవి.