ఒడ్డుకు కొట్టుకొచ్చిన ఎరువు

అల్లూరు మండలం ఇసకపల్లి ఒడ్డున నడిచేటప్పుడు కాలికి నాచు తగిలితే చెత్త అనుకోకండి.

సముద్రపు నాచుకు వేర్లుండవు. ఒళ్లంతటితోనూ నీటిలోని పోషకాలు పీల్చుకుంటుంది. సముద్రపు గడ్డి అలా కాదు. దానికి వేర్లు, పూలు, గింజలు ఉంటాయి. మన పులికాట్ సరస్సులో అది పెరుగుతుంది.

నాచులో పొటాష్ బాగా ఉంటుంది, భాస్వరం తక్కువ. అందుకే ఒంటరిగా వాడకూడదు. ముందు మంచినీళ్లతో ఒకటికి రెండుసార్లు కడిగి ఉప్పు, ఇసుక వదిలించండి. తర్వాత వరిగడ్డి, పేడతో పొరలు పొరలుగా పేర్చి, తడి ఆరనివ్వకుండా అప్పుడప్పుడు తిరగవేయండి. నల్లగా, పొడిపొడిగా మారి మట్టి వాసన వస్తే ఎరువు తయారైనట్టే. నేలలో ఇప్పటికే చౌడు ఉంటే మాత్రం జాగ్రత్త.

ఎరువుల సహకార సంస్థ ఇఫ్కో అమ్మే 'సాగరిక' కూడా నాచు సారమే. దాని వెనక ఉన్నది భావనగర్‌లోని కేంద్ర లవణ, సముద్ర రసాయనాల పరిశోధన సంస్థ పరిజ్ఞానం. నాచు ఎరువుకే కాదు, ఎర్రనాచు నుంచి అగర్, గోధుమరంగు నాచు నుంచి ఆల్జినేట్ అనే జిగురు పదార్థాలు కూడా తీస్తారు. ఐస్‌క్రీమ్ చిక్కబడటానికి ఆల్జినేట్ వాడతారు.

ఒక్క మాట. ఒడ్డునున్నదంతా ఊడ్చేయకండి. ఆ నాచు కింద చిన్న పురుగులుంటాయి, వాటికోసం పిట్టలొస్తాయి. నాచు ఇసుకనూ పట్టి ఉంచుతుంది. కొంత మనం తెచ్చుకుందాం, కొంత కడలికే వదిలేద్దాం.