శుక్లం తీసిన కంటికి గ్లకోమా: ట్రాబా, ట్యూబా?

పోయిన ఎపిసోడ్ కింద ఎక్కువమంది అడిగిన ప్రశ్న ఇది: "శుక్లం ఆపరేషన్ అయిపోయింది కదా, మళ్లీ గ్లకోమా ఆపరేషన్ ఏంటి?"

రెండూ వేరు. శుక్లం అంటే లెన్స్ మసకబారడం. లెన్స్ మారిస్తే చూపు తిరిగొస్తుంది. గ్లకోమాలో దెబ్బతినేది కంటి వెనక నరం. అందులో పోయిన చూపు ఏ ఆపరేషన్‌తోనూ రాదు, మిగిలింది కాపాడుకోవడమే. కంటి లోపల ఊరే నీరు (కన్నీళ్లు కాదు, ఇది వేరే) బయటికి సరిగ్గా పోకపోతే ప్రెషర్ పెరుగుతుంది. మామూలుగా 10 నుంచి 21 మధ్య ఉంటుంది.

ఒక మాట. శుక్లం ఆపరేషన్ తర్వాత రాసిన స్టెరాయిడ్ చుక్కల్ని, కన్ను ఎర్రబడినప్పుడల్లా పాత సీసా చూపించి మెడికల్ షాపులో కొనేవాళ్లు మా లాల్‌గడి మలక్‌పేట్‌లోనూ ఉన్నారు. కొందరికి వాటితోనే ప్రెషర్ పెరుగుతుంది. డాక్టర్ దగ్గరికి ఆ సీసాలు కూడా తీసుకెళ్లండి.

చుక్కలు, లేజర్ పని చేయకపోతే అప్పుడు ఆపరేషన్. ట్రాబెక్యులెక్టమీ, అంటే 'ట్రాబ్'లో, పై రెప్ప కింద తెల్లగుడ్డులో చిన్న దారి చేస్తారు. నీరు పైపొర కిందికి చేరి చిన్న బుడగలా నిలుస్తుంది. సమస్య ఏంటంటే, శరీరం దాన్ని గాయం అనుకుని మాన్పేస్తుంది! దారి మూసుకుపోతుంది. ట్యూబ్‌లో అయితే సన్నని సిలికాన్ గొట్టం పెట్టి, నీటిని వెనకున్న ప్లేట్ దగ్గరికి పంపిస్తారు.

టీవీటీ అనే స్టడీ 212 కళ్ల మీద ఈ రెండిటినీ పోల్చింది. అన్నీ అంతకుముందే శుక్లం ఆపరేషన్ జరిగినవో, ట్రాబ్ ఫెయిలైనవో. 5 ఏళ్లకి ట్యూబ్ ఫెయిలైంది సుమారు 30 శాతం, ట్రాబ్ 47 శాతం. అయితే సగటు ప్రెషర్ ట్రాబ్‌లో 12.6, ట్యూబ్‌లో 14.4. తేడా చిన్నదే గానీ, నరం బాగా దెబ్బతిన్నవాళ్లకి ఆ ఒకటి రెండు పాయింట్లు కూడా లెక్కే. ఇంకో స్టడీలో, ఏ ఆపరేషనూ జరగని కళ్లలో, మొదటి ఏడాది ట్రాబే ముందుంది. అంటే జవాబు మీ కంటి హిస్టరీని బట్టి మారుతుంది.

మా పెద్దబాపు "ఉన్నది ఒక్క మంచి కన్ను, దాన్నే మళ్ల కోస్తరా?" అని మొండికేశాడు. డాక్టర్ మొదట అడిగింది పాత డిశ్చార్జ్ కార్డు. ఎందుకంటే మన దగ్గర క్యాంపుల్లో ఎక్కువగా చేసే కుట్టులేని ఆపరేషన్‌లో చాలాసార్లు కోత పై రెప్ప కిందే, ట్రాబ్ చేయాల్సిన చోటే పడుతుంది. ఫేకోలో మామూలుగా నల్లగుడ్డు అంచున చిన్న కోత, పైపొర జోలికి పోరు. మీ ఇంట్లో ఆ కార్డు ఉందో లేదో చూడండి, ప్లీజ్.

ట్యూబ్ ఖర్చుకి భయపడకండి. మదురైలోని ఆరోల్యాబ్, విదేశీ బేర్‌వెల్ట్ నమూనాలోనే తక్కువ ధరలో ఆడీ తయారు చేస్తోంది. ట్యూబ్‌కీ ఇబ్బందులున్నాయి: కొందరికి ఒకటి రెండుగా కనిపిస్తుంది, నల్లగుడ్డు పొర దెబ్బతినొచ్చు.

ట్రాబ్ అయితే మొదటి వారాల్లో చెకప్‌లు ఎక్కువ. షామీర్‌పేట్ దాటి సిటీకి ఎవరు తీసుకెళ్తారో ముందే అనుకోండి. ఆ బుడగకి ఎన్నేళ్ల తర్వాతైనా ఇన్‌ఫెక్షన్ రావొచ్చు. కన్ను ఎర్రబడి, నొప్పి, పుసి వస్తే తెల్లారేదాకా ఆగకుండా అదే రోజు హాస్పిటల్‌కి వెళ్లాలి.