పెద్దవాళ్ళ ఫోనుకు ఏ ప్యాకు వేయించాలి?



ఇవాళ నేను మాట్లాడబోయేది చాలా చిన్న విషయం. గుప్పిట్లో ఇమిడిపోయే బటన్ల ఫోను గురించి. మీ ఇంట్లోనో, ఊళ్ళో మీ పుట్టింట్లోనో అటువంటి ఫోను ఒకటి వుండే వుంటుంది. దానికి ఎన్నాళ్ళకొకసారి, ఎంత పెట్టి, ఎవరు రీఛార్జి చేయిస్తున్నారో మీరు తడుముకోకుండా చెప్పగలరా? నేను చెప్పలేకపోయాను. అందుకే ఈ ప్రసంగం.

మా అత్తగారికి 78 ఏళ్ళు. తెనాలి దగ్గర పల్లెలో ఒక్కరే వుంటారు. హైదరాబాదు వచ్చి మాతో వుండమంటే "మీ మేడ మీద నాకు ఊపిరాడదే అమ్మాయ్" అంటారు. రోజూ రాత్రి ఎనిమిది గంటలకు మావారు ఫోను చేస్తారు. ఏం వండుకున్నావు, మాత్ర వేసుకున్నావా, గేదె ఈనిందా - ఇంతే మాటలు. కిందటి కార్తీకంలో ఒక రాత్రి ఫోను కలవలేదు. అవతల నుంచి ఎవరో హిందీలో ఒక ముక్క, ఇంగ్లీషులో ఒక ముక్క చెప్పి వూరుకున్నారు. పల్లెటూరు గదా, సిగ్నలు లేదేమో అనుకున్నాం. మర్నాడూ అంతే. మూడోనాడు పనుల్లో పడి మరిచాం, సిగ్గుపడుతూనే చెబుతున్నాను. నాలుగోనాడు మనసాగక వాళ్ళ ఎదురింటి కోడలికి చేస్తే, "మీ అత్తగారికి మూడు రోజులుగా జ్వరమండీ, ఇవాళే కాస్త నెమ్మదించింది" అంది.

ఆ సాయంత్రానికే వెళ్ళాం. ఆవిడ వసారాలో కూర్చుని వత్తులు చేసుకుంటున్నారు. ఫోను ఒళ్ళోనే వుంది. ఛార్జింగూ నిండుగానే వుంది. "ఎనిమిదింటికి దాన్ని పట్టుక్కూర్చున్నానే. మోగలేదు. అబ్బాయికి నా మీద ఏదో కోపం వచ్చిందనుకున్నాను" అన్నారు. ఎదురింటి వాళ్ళ ఫోనుతో చేయించవచ్చు గదా అత్తయ్యా అంటే, "కొడుకు నాతో మాట్లాడటం లేదని వీధిలో చెప్పుకోనా?" అన్నారు.

జరిగిందల్లా ఏమిటంటే, రీఛార్జి గడువు అయిపోయింది. మావారేమో ఊళ్ళో కొట్టతనే చేస్తున్నాడనుకున్నారు. కొట్టతనికి డబ్బివ్వడానికి అత్తగారు వెళ్ళలేదు, కొడుకే చేయిస్తాడని. గడువు దాటితే మొదట మనం చేసే కాల్స్ ఆగుతాయి, కొద్ది రోజులకు మనకు వచ్చేవీ ఆగిపోతాయి. ఫోను మాత్రం చూడ్డానికి మామూలుగానే వెలుగుతూ వుంటుంది. చెడిపోయిందనీ అనిపించదు.

ఆ ఫోను తీసుకుని ఆ రాత్రి లెక్క చూశాను. కొట్లో వేస్తూ వచ్చింది 28 రోజుల ప్యాకు. దానిలో ఇంటర్నెట్టు డేటా కూడా కలిసి వుంది. ఆవిడ ఫోనులో ఇంటర్నెట్టే లేదు! వాడుకోలేని దానికి నెల నెలా డబ్బు కట్టారు. నెల నెలా అన్నాను గాని అదీ తప్పే. 28 రోజులకొకసారి అంటే ఏడాదికి పన్నెండు కాదు, పదమూడు సార్లు. అత్తగారికి ఈ మాట చెబితే, "నెలంటే 28 రోజులని ఏ పంచాంగంలో వుందీ?" అన్నారు. ఇంకో మాట కూడా అన్నారు. "మీ మామయ్య వున్న రోజుల్లో జీవితాంతం అని ఒకేసారి డబ్బు కట్టి తీసుకున్న సిమ్మే ఇది. ఎవరి జీవితాంతమో మరి?"

ఆవిడ కోపంలో న్యాయం వుంది. మన దేశంలో 1995లో సెల్ ఫోను వచ్చినప్పుడు, మనకెవరైనా చేస్తే ఎత్తినందుకు కూడా డబ్బు పడేది. 2003 నుంచి వచ్చే కాల్స్ ఉచితమయ్యాయి. 2005, 2006 ప్రాంతాల్లో ఒకసారి వెయ్యి రూపాయల దాకా కడితే చాలు, జీవితాంతం ఫోను మోగుతుందని కంపెనీలు ప్రకటించాయి. 2018 చివర్లో మళ్ళీ కనీస రీఛార్జి అన్న పద్ధతి పెట్టారు. వేయించకపోతే ఫోను మోగదు. ఈ మార్పు పిల్లలకు పట్టలేదు, ఎలాగూ రీఛార్జి చేసుకుంటూనే వుంటారు గనుక. ఫోను ఎత్తడమే గాని చేయడం అరుదైన పెద్దవాళ్ళకే అది భారమైంది.

ఇప్పుడు కాస్త మేలు. టెలికాం వ్యవహారాలు చూసే ట్రాయ్ అనే నియంత్రణ సంస్థ 2024 డిసెంబరులో ఒక నియమం తెచ్చింది. మాటలకూ, ఎస్సెమ్మెస్సులకూ మాత్రమే పనికివచ్చే ప్యాకు, డేటా లేనిది, ప్రతి కంపెనీ ఒకటైనా పెట్టి తీరాలన్నది. ఇటువంటి ప్యాకుల గడువు 90 రోజులు మించకూడదని అంతకు ముందు వుండేది, దాన్ని 365 రోజుల దాకా పెంచింది. 2025 జనవరిలో ఈ ప్యాకులు బయటికి వచ్చాయి. మొదట పెట్టిన ధరలను కొద్ది రోజుల్లోనే తగ్గించారు కూడా. అప్పుడు జియోలో 84 రోజులకు 448 రూపాయలు, 336 రోజులకు 1,748. ఎయిర్‌టెల్‌లో 84 రోజులకు 469, 365 రోజులకు 1,849. ధరలు మారుతూ వుంటాయి గనుక మీరు అడిగి చూసుకోవాలి సుమా. అడిగే మాట మాత్రం ఇదీ: "డేటా లేకుండా, కాల్స్, ఎస్సెమ్మెస్సులకు మాత్రమే వుండే ప్యాకు ఏది?" మనం అడక్కపోతే కొట్లో దాని పేరు ఎత్తరు.

ఈ అంకెలు పైపైన చూసి తీసుకోకండి, పప్పు బియ్యం బేరమాడినట్టే రోజుకెంత పడుతుందో చూడండి. పైన చెప్పిన 448 రూపాయల ప్యాకు నాలుగుసార్లు వేయిస్తే 336 రోజులకు 1,792 అవుతుంది. అదే 336 రోజులకు ఒక్కసారిగా 1,748. మిగిలేది 44 రూపాయలే. అందువల్ల ఒకేసారి అంత కట్టడం కష్టమైన ఇంట్లో 84 రోజులది వేయించుకుంటే పెద్ద నష్టమేమీ లేదు. రెండోదాని సంగతి వేరు. 469 చొప్పున నాలుగుసార్లు అంటే 336 రోజులకే 1,876 అవుతుంది. 1,849 కడితే 365 రోజులు వస్తాయి. ఇక్కడ ఏడాదిదే నయం. ఇక 28 రోజులకు 199 రూపాయల ప్యాకు పదమూడు సార్లంటే 2,587. చూశారా తేడా!

అయితే డేటా లేని ప్యాకు అందరికీ పనికివస్తుందని నేననను. మా పక్కింటి పిన్నిగారికి 72 ఏళ్ళు, కూతురు అమెరికాలో డల్లాస్‌లో వుంది. మనవరాలి మొహం చూడందే ఆవిడకు పొద్దు గడవదు. వాట్సాప్‌లో వీడియో చూడాలంటే డేటా కావాలి, గంటకు కొన్ని వందల ఎంబీలు ఖర్చవుతుంది. ఇంట్లో వైఫై వుంటే సరే, మాటల ప్యాకు సరిపోతుంది. లేకపోతే ఆవిడకు రోజుకింత అని డేటా ఇచ్చేదే వుండాలి. నెల మొత్తానికి రెండు జీబీ అన్నది వేయిస్తే వారం తిరక్కుండా మనవరాలు మధ్యలోనే మాయమవుతుంది. కనుక ప్యాకు ఎంచేముందు అడగవలసింది కొట్టతణ్ణి కాదు, ఫోను వాడే మనిషిని. రోజూ ఎవరితో మాట్లాడతారు, మొహం చూడాలా, మాట వింటే చాలా? మేము అత్తగారిని ఇన్నేళ్ళలో ఒక్కనాడూ అడగలేదు.

కంపెనీ మార్చుదామనుకునే వారికి ఒక హెచ్చరిక. పాత బటన్ల ఫోనుల్లో చాలావాటికి 2జీ మాత్రమే వుంటుంది. జియోకు 2జీ లేదు, 4జీ, 5జీలే. ఆ సిమ్ము పాత ఫోనులో పెడితే పనిచెయ్యదు, 4జీ వున్న బటన్ల ఫోను కొనాలి. అలవాటైన బటన్లు మారితే పెద్దవాళ్ళకు ఎంత ఇబ్బందో ఆలోచించుకుని మరీ దిగండి. సిగ్నలు కూడా వీధిలో నిలబడి చూడకండి. ఆవిడ పడుకునే గదిలో, వంటింట్లో, పెరట్లో చూడండి. ఇరుగుపొరుగు వాళ్ళ ఫోనులు కాసేపు అడిగి తీసుకుని చూస్తే తేలిపోతుంది. మార్చాలనే తేలితే నంబరు మార్చనక్కర్లేదు. ఇంగ్లీషులో పోర్ట్ అని, ఖాళీ వదిలి, పది అంకెల నంబరు కొట్టి 1900కు ఎస్సెమ్మెస్ చేస్తే ఒక కోడు వస్తుంది. దాన్నీ, ఆధార్‌నూ తీసుకుని కొత్త కంపెనీ కొట్టుకు వెళ్ళడమే. పాత సిమ్ములో మిగిలిన డబ్బు మాత్రం రాదు.

నంబరు నిలుపుకోవడం ఎంత ముఖ్యమో చెప్పనా? మా అత్తగారి బ్యాంకు ఖాతా, ఆధార్, గ్యాసు, మామయ్యగారి తాలూకు పెన్షను అన్నిటికీ ఆ ఒక్క నంబరే. ఓటీపీలు దానికే వస్తాయి. నెలల తరబడి వాడకుండా వదిలేస్తే నంబరు రద్దవుతుంది, ఆ తర్వాత కొన్నాళ్ళకు ముక్కూ మొహం తెలియని వాళ్ళకు ఇచ్చేస్తారు. ఇక మన ఓటీపీ ఎవరింట్లో మోగుతుందో! ట్రాయ్ 2013లో పెట్టిన నియమం ప్రకారం, 90 రోజులు ఏ వాడకమూ లేని ప్రీపెయిడ్ నంబరులో 20 రూపాయలో ఆ పైనో బ్యాలెన్సు వుంటే, 20 రూపాయలు తీసుకుని మరో 30 రోజులు నంబరును వుంచాలి. ఇది నంబరు పోకుండా కాపాడేందుకే గాని ఫోను మోగేందుకు కాదు. అలాగే ఆ సిమ్ము ఎవరి పేరున వుందో కూడా చూడండి. ఎప్పుడో తొందరలో మనవడి పేరునో, పాలేరు పేరునో తీసుకున్నవి ఊళ్ళల్లో బోలెడు.

"మీ సిమ్ము రెండు గంటల్లో ఆగిపోతుంది, తొమ్మిది నొక్కండి" అని వచ్చే ఫోన్లకు పెద్దవాళ్ళు హడలిపోతారు. ట్రాయ్ వాళ్ళు అలా ఎవరికీ ఫోను చెయ్యరు. డబ్బు పోతే వెంటనే 1930కి చెప్పాలి. మా అత్తగారికి ఈ నంబరు, అత్యవసరానికి 112, ఎదురింటి కోడలి నంబరు అట్టముక్క మీద పెద్దక్షరాలతో రాసి కేలండరు పక్కన తగిలించాం. కేలండరంటే గుర్తొచ్చింది, అసలు చిక్కు అక్కడే వచ్చింది.

ఏడాది ప్యాకు వేయిద్దామని తేల్చాక, ఏ రోజున అన్నది ప్రశ్న. "ఉగాదికి వేయించండి, గుర్తుంటుంది" అన్నారు అత్తగారు. వినడానికి బాగానే వుంది గాని ఉగాది తేదీ ఒక్కచోట నిలవదు. 2026లో మార్చి 19, 2027లో ఏప్రిల్ 7. మధ్యలో అధిక మాసం వచ్చి 384 రోజులు. 365 రోజుల ప్యాకు ఎప్పుడో మార్చిలోనే అయిపోయి, ఉగాది పచ్చడినాటికి ఫోను మూగనోము పట్టి వుంటుంది. సంక్రాంతి అయితే జనవరి 14, 15 దాటి పోదు. అదీగాక మేము ఊరెళ్ళేదీ అప్పుడే. కాబట్టి భోగి నాడే రీఛార్జి అని మావారు ఒప్పుకున్నారు. గడువు తేదీ అట్టముక్క మీద రాసి పెట్టారు, ఆయన ఫోనులోనూ పెట్టుకున్నారు. నేనూ నా పద్దుల పుస్తకంలో రాసుకున్నాను. మొదటిసారి ఇద్దరి మధ్యా పడి జారిపోయింది గనుక ఇప్పుడు ముగ్గురి దగ్గరా వుంది.

మొన్న భోగి నాడు ఆవిడ ఎదుటే రీఛార్జి చేశారు. ఎంతయిందిరా అంటే అబ్బాయి చెప్పాడు. ఒక్కసారిగా అంత డబ్బా అని ఆవిడ కాసేపు నోరు మెదపలేదు. రోజుకు అయిదు రూపాయల చిల్లరే పడుతుంది అత్తయ్యా, అని నేను నచ్చచెప్పాను. మధ్యాహ్నం అరిసెలు వండుతూ మెల్లగా అడిగారు, "నేను ఏడాది లోపలే పోయాననుకో, మిగతా డబ్బు వాళ్ళు తిరిగి ఇస్తారా?" అని.

"ఇవ్వరు అత్తయ్యా" అన్నాను.

ఆవిడ అరిసెను నూనె ఓడ్చి పళ్ళెంలో వేసి, "అయితే పై సంక్రాంతి దాకా ఉండక తప్పదన్నమాట" అన్నారు.