చలికి దుప్పటి ఒక్కటే మందు కాదు

(తిరుమల కొండ కింద ఒక ఎస్టీ కాలనీలో జరిగిన ఆదివాసీ యువత సమావేశంలో మాట్లాడిన మాటల పాఠం)



పెద్దలకు దండాలు. తమ్ముళ్ళూ, చెల్లెళ్ళూ, ముందు వరసలో బొంత కప్పుకొని కూర్చున్న అవ్వా, నీకు ఇంకో దండం. నేను ఈరోజు చెప్పబోయేదానికి నువ్వే సాక్ష్యం.

"ఏం మాట్లాడతావక్కా?" అని మన పిల్లోళ్ళు అడిగితే "చలి గురించి" అన్నాను. నవ్వినారు. పట్టాల గురించి, సర్టిఫికెట్ల గురించి మాట్లాడతాననుకున్నారు. నేను మాట్లాడేది వాటి గురించే. కాకపోతే రాత్రి రెండు గంటలప్పుడు చాప మీద ముడుచుకొని పడుకున్న మనిషి దగ్గర నుంచి మొదలుపెడతాను.

పైన తిరుమల చూడండి. ఆ కొండ దాదాపు 2,800 అడుగుల ఎత్తు. వెయ్యి మీటర్లు పైకి పోతే సుమారు ఆరున్నర డిగ్రీల వేడి తగ్గుతుంది. అందుకే తిరుపతి కంటే తిరుమలలో నాలుగైదు డిగ్రీలు చలి ఎక్కువ. ధనుర్మాసంలో వచ్చే యాత్రికులు మంకీ క్యాపులు కొనుక్కుంటారు, రెండు రోజులు చలిని చూసి సంతోషపడి దిగిపోతారు. కొండ కింద మనకు చలి తక్కువే అని లెక్క. తిరుపతిలో డిసెంబర్, జనవరి రాత్రులు మామూలుగా 20 డిగ్రీలకు కొంచెం అటూ ఇటూ ఉంటాయి. లంబసింగి వాళ్ళు వింటే "ఇదీ ఒక చలేనా" అంటారు.

కానీ మన చలి వేరు. మనది తడి చలి. తెలంగాణకు వానలు జూన్ నుంచి సెప్టెంబర్ దాకా. మన చిత్తూరు, తిరుపతి, నెల్లూరు వైపు పెద్ద వానలు అక్టోబర్, నవంబర్, డిసెంబర్‌లో వస్తాయి. అంటే చలి వచ్చే పొద్దుకే మన గుడిసె తడిసి ఉంటుంది. చాప తడి, కట్టె తడి, కట్టుకున్న బట్ట తడి. తడి బట్ట ఒంట్లో వేడిని గుంజేస్తుంది. 20 డిగ్రీలైనా ఆ తడిలో ముసలోళ్ళు, పసిబిడ్డలు తట్టుకోలేరు. ఇక పలమనేరు, కుప్పం, మదనపల్లె వైపు నుంచి వచ్చిన మనోళ్ళకు ఎత్తు చలి కూడా తోడు. హార్స్‌లీ కొండ అయితే 4,000 అడుగుల పైనే.

2021 నవంబర్ వానలు మీకు గుర్తుండే ఉంటాయి. స్వర్ణముఖి పొంగింది, రాయలచెరువు కట్ట తెగుతుందేమోనని ఊర్లు ఖాళీ చేయించినారు. అప్పుడు మేం చెరువు పక్కన పట్ట గుడిసెలో ఉన్నాం. లోపలికి నీళ్ళు వచ్చినాయి. మా చెల్లెలి బిడ్డకు ఇరవై రోజులు. పొయ్యి వెలగలేదు. పొడి బట్ట ఇంట్లో ఒక్కటే మిగిలింది. మా అవ్వ ఏం చేసిందంటే, బిడ్డ ఒంటి మీది తడి గుడ్డలు తీసేసి, తల్లి రొమ్ముకు బిడ్డ ఒళ్ళు ఆనేటట్టు పడుకోబెట్టి, ఆ పొడి గుడ్డ బిడ్డ తలకు చుట్టి, ఇద్దరి మీదా బొంత కప్పింది. తెల్లారేదాకా అట్లే. బిడ్డ బతికింది, ఇప్పుడు అంగన్‌వాడీకి పోతా ఉండాది.

తర్వాత ఒక నర్సమ్మ చెప్పింది, ఆస్పత్రుల్లో దీన్నే కంగారూ పద్ధతి అంటారని. 1978లో కొలంబియా దేశం బొగోటాలో ఇంక్యుబేటర్లు చాలక డాక్టర్లు ఈ పద్ధతి మొదలుపెట్టినారు. ఇప్పుడు బరువు తక్కువ బిడ్డలకు ఇదే మంచిదని ప్రపంచ ఆరోగ్య సంస్థే చెప్తోంది. పుట్టిన బిడ్డకు మొదటి రోజు స్నానం చేయించొద్దని కూడా చెప్తోంది. మా అవ్వ ఆ సంస్థ పేరు ఎప్పుడూ వినలేదు. మన పెద్దల దగ్గర ఉన్నదంతా మూఢనమ్మకం అని ఎవరన్నా అంటే ఈ మాట చెప్పండి. అట్లని బిడ్డ ఒళ్ళు చల్లబడి, పాలు తాగకుండా మెత్తబడితే ఇంట్లో ఉంచుకోవద్దు. రొమ్ముకు ఆనించుకొనే 108 ఎక్కండి.

సరే, డబ్బు లేకుండా ఇంటిని వెచ్చగా ఉంచుకునేది ఎట్లా? మూడు మాటలు చెప్తాను: కింద, పక్కన, పైన.

కింద. మనకు పైన కప్పుకునేది తక్కువ అని బాధపడతాం కానీ సగం చలి నేల నుంచి వస్తుంది. నేల మీద ముందు పాత ఫ్లెక్సీ పరచండి. ఎన్నికలప్పుడు కట్టినవి ఊరంతా పడి ఉంటాయి కదా, నాయకుల ఫ్లెక్సీలు మనకు నిజంగా పనికొచ్చేది ఇక్కడే. అది తేమను ఆపుతుంది. దాని మీద గోనెసంచుల్లో వరిగడ్డి గానీ, బాగా ఎండిన చెనక్కాయ పొట్టు గానీ నింపి కుట్టి వేయండి. పైన చాప, ఆ పైన బొంత. ఎండ కాసిన రోజు సంచులు బయట వేసి ఆరబెట్టాలి, లేకుంటే బూజు పట్టి దగ్గు వస్తుంది.

పక్కన. గాలి దూరే సందు అరచేతంత ఉన్నా ఇల్లు నిలవదు. తడిక గోడకు మట్టి, పేడ కలిపి రెండు వైపులా మెత్తండి. తడిక అల్లడం మన ఎరుకల అన్నలకు, అక్కలకు తెలిసినంత ఇంకెవరికీ తెలియదు. బొంత కుట్టడం సుగాలి అమ్మలకు తెలుసు. పాత చీరలు నాలుగు మడతలు వేసి దగ్గర దగ్గరగా కుడితే ఆ మడతల మధ్య నిలిచిన గాలే మనకు వెచ్చదనం. ఒక పలచటి కొత్త దుప్పటి కంటే అది మేలు. మనం ఒకరికొకరం నేర్పించుకుంటే ఒక ఆదివారం పని ఇది.

పైన. రేకుల ఇల్లు ఎండాకాలంలో పెనం. చలికాలం రాత్రి మబ్బు లేనప్పుడు ఆ రేకు తన వేడినంతా ఆకాశానికి వదిలేసి మంచులా అయిపోతుంది. తెల్లవారుజామున లోపలి నుంచి చుక్కలు కారడం చూసే ఉంటారు, అది మన ఊపిరిలోని తేమే. రేకు కింద జానెడు సందు వదిలి తడికలు గానీ, గోనెసంచులు కుట్టిన గుడ్డ గానీ కట్టండి. పొయ్యి ఉన్న చోట మాత్రం వద్దు, నిప్పంటుకుంటుంది. సిమెంటు రేకులకు రంధ్రాలు కొట్టొద్దు, ఆ పొడి ఊపిరితిత్తులకు విషం.

ఇంకో చిన్న పని. రాత్రి సంగటి వండిన నిప్పుల మీదే నీళ్ళ గిన్నె పెట్టండి. ఆ వేడి నీళ్ళు స్టీలు సీసాలో పోసి, మూత గట్టిగా బిగించి, గుడ్డ చుట్టి ముసలోళ్ళ కాళ్ళ దగ్గర పెట్టండి. ఖర్చు లేదు.

ఇప్పుడు భయపెట్టే మాట చెప్తాను. కుంపటి లోపల పెట్టుకొని తలుపు మూసుకొని పడుకోవద్దు. బొగ్గుల నుంచి కార్బన్ మోనాక్సైడ్ అనే గాలి వస్తుంది. దానికి వాసన లేదు, రంగు లేదు. నిద్రలోనే మనిషిని తీసుకుపోతుంది. బయట కాచుకోండి, నిప్పు ఆర్పి లోపలికి రండి. ఫ్లెక్సీలు పరచమన్నాను కదా అని వాటిని మంటల్లో వేయొద్దు. టైర్లు కూడా వద్దు, భోగి నాడు కూడా వద్దు. ఆ పొగ పిల్లల రొమ్ములోకి పోతుంది.

మరి ఏం కాల్చాలి? ఇక్కడే అసలు కథ మొదలవుతుంది.

నిప్పు గురించి యానాదులకు ఒకరు చెప్పాల్సిన పని లేదు. కట్టెను కట్టెతో రాపాడించి నిప్పు పుట్టించే జాతి అని 1909లో థర్‌స్టన్ దొర దక్షిణ భారత కులాలు, తెగల మీద అచ్చువేసిన పుస్తకాల్లో మన గురించి రాసినాడు. శ్రీహరికోట అడవి నుంచి మద్రాసు పట్నానికి వంటచెరకు పడవల్లో బకింగ్‌హాం కాలవ మీద పోయేది. ఆ అడవిలో పనిచేసింది మన యానాదులే. పట్నం పొయ్యిలు వెలిగించిన వాళ్ళ మనవరాళ్ళం మనం. ఈరోజు ఒక మోపు కట్టెలకు భయపడతా ఉండాం.

ఎందుకు భయం? శేషాచలంలో ఎర్రచందనం ఉంది. 2015 ఏప్రిల్ 7న ఈ అడవిలో 20 మంది తమిళనాడు కూలీలను కాల్చి చంపినారు. స్మగ్లర్లు అని పోలీసులన్నారు, బూటకపు ఎన్‌కౌంటర్ అని హక్కుల సంఘాలన్నాయి. చనిపోయినవాళ్ళలో జవ్వాదు కొండల మలయాళి ఆదివాసులు ఉన్నారు. అప్పటి నుంచి మా ఇంట్లో ఆడవాళ్ళు ఎండుపుల్లలకు పోవాలన్నా జంకుతారు. మా చిన్నమ్మ నెత్తిన మోపు దించి, కొడవలి లాక్కొని, "దొంగ" అని తిట్టి పంపించినాడు ఒక యూనిఫారం ఆయన. ఆ మోపులో ఉన్నది ఎండిపోయిన తుమ్మ పుల్లలు.

తమ్ముళ్ళూ, చట్టం ఏమంటుందో వినండి. 2006 అటవీ హక్కుల చట్టం, సెక్షన్ 3(1)(సి): తరతరాలుగా సేకరించుకుంటున్న చిన్న తరహా అటవీ ఫలసాయం మీద మనకు యాజమాన్య హక్కు ఉంది. ఫలసాయం అంటే తేనె, చింతపండు మాత్రమే కాదు. సెక్షన్ 2(ఐ)లో పొదపుల్లలు, మోళ్ళు, దుంపలు, వేర్లు కూడా రాసి ఉన్నాయి. 2012లో సవరించిన నిబంధనల్లో తగిన రవాణా సాధనాల మీద తీసుకుపోవచ్చని ఉంది. "మీది షెడ్యూల్డ్ ఏరియా కాదు కదా" అని ఆఫీసులో అంటారు. నిజమే, రాయలసీమలో షెడ్యూల్డ్ ఏరియా లేదు, పీసా చట్టం మనకు వర్తించదు. కానీ అటవీ హక్కుల చట్టానికి షెడ్యూల్డ్ ఏరియా అనే షరతు లేదు. అభయారణ్యాలు, జాతీయ పార్కులు కూడా ఆ చట్టంలోని అటవీభూమి కిందికే వస్తాయి.

హక్కు ఉంది అంటే రేపే కొడవలి పట్టుకొని కొండ ఎక్కమని కాదు. పచ్చి చెట్టు కొట్టొద్దు, ఎర్రచందనం పుల్ల కూడా ముట్టుకోవద్దు. గ్రామసభ పెట్టించాలి, అటవీ హక్కుల కమిటీ వేయించాలి, సామూహిక హక్కుకు ఫారం బి నింపాలి. కాగితాలు లేవంటారా? పెద్దలు చెప్పిన మాట రాసి పెడితే అది కూడా సాక్ష్యమే. అందుకే మొదట్లో అవ్వను సాక్ష్యం అన్నాను. ఆ హక్కు చేతికొచ్చే లోపల చెరువు కట్టల మీద, బీడుల్లో సర్కారు తుమ్మ ఎంతో పెరిగి ఉంది. పంచాయతీని అడిగి అది కొట్టుకుందాం. బాగా కాలే కట్టె. ఎండాకాలంలోనే కొట్టి, నేలకు తగలకుండా రాళ్ళ మీద పేర్చి, పైన పట్ట కప్పితే కార్తీకంలో పొడికట్టె మనదే.

ఇక ప్రభుత్వం ఇచ్చేవి. దీపం-2 కింద అర్హులకు ఏడాదికి మూడు సిలిండర్లు ఉచితం. ఎస్టీ ఇళ్ళకు నెలకు 200 యూనిట్ల వరకు ఉచిత కరెంటు. వెయ్యి వాట్ల హీటరు గంటకు ఒక యూనిట్ తింటుంది. రాత్రికి నాలుగు గంటలు వేస్తే నెలకు 120 యూనిట్లు. బాలింత ఉన్న ఇంటికి ఒక నెల అది దొరికితే ఎంత మేలు! కానీ గ్యాసుకు ఆధార్ కావాలి, కరెంటుకు మీటరు, కుల సర్టిఫికెట్ కావాలి, మీటరుకు ఇల్లు కావాలి, ఇంటికి స్థలం కావాలి. పట్ట గుడిసెలో ఉన్న యానాది దగ్గర ఇందులో ఏది ఉంది? పీఎం-జన్‌మన్ ఇళ్ళ పథకం చెంచులకు ఉంది, యానాదులు ఆ జాబితాలో లేరు. మామూలు ఇళ్ళ పథకంలోనే మన పేరు ఎక్కించుకోవాలి.

అందుకే చెప్తున్నా. చలి కొంత ఆకాశం నుంచి వస్తుంది, దాన్ని మనం ఆపలేం, శివరాత్రికి శివశివా అంటూ అదే పోతుంది. మిగతా చలి గోడ లేక, కప్పు లేక, కట్టె లేక, కాగితం లేక వస్తుంది. అది శివరాత్రికి పోదు.

ప్రతి డిసెంబర్‌లో ఎవరో ఒకరు వచ్చి దుప్పట్లు పంచుతారు, ఫోటో తీసుకుంటారు. వద్దనొద్దు. తీసుకోండి, ముసలోళ్ళకు కప్పండి. కానీ ఫోటో అయ్యాక ఒక్క మాట అడగండి: "అయ్యా, దుప్పటి ఇచ్చినావు సరే, ఇది ఆరేసుకోవడానికి తడవని చూరు ఎప్పుడు ఇస్తావు?"

యువతకు నా కోరిక ఇది. వచ్చే ఆదివారం ఒక నోటు పుస్తకం పట్టుకొని మన కాలనీలో ప్రతి గడపకూ పోండి. కప్పు ఏంది, నేల ఏంది, పసిబిడ్డ ఉందా, ఆధార్ ఉందా, మీటరు ఉందా, కట్టె ఎక్కడి నుంచి తెస్తారు, ఎవరన్నా ఆపినారా, రాసుకోండి. ఆ పుస్తకమే మన అర్జీ. సాయంత్రం అందరూ కలిసి, ఎవరి గోడకు సందు ఎక్కువ ఉందో ఆ ఇంటి తడికకు ముందు మట్టి మెత్తండి. అర్జీకి జవాబు నెలలు పట్టొచ్చు. మట్టి రెండు రోజుల్లో ఆరుతుంది.