కూషు దేశపు కోడలు



మోషే కూషు దేశపు స్త్రీని పెండ్లాడినందుకు మిర్యాము, అహరోను సణిగిరి. ఆమెను పరాయిదన్న ఆడబిడ్డ మిర్యామే కుష్ఠు సోకి ఏడు దినములు పాళెము వెలుపల ఉండవలసి వచ్చెను.

1903లో నెల్లూరు నుండి జాన్ రంగయ్యగారు నాటాలు వెళ్లి, చెరకు తోటలలోని మన తెలుగు కూలీల మధ్య పరిచర్య చేసిరి. తెల్లవారిని ఇతరులు పెండ్లాడరాదని అక్కడ 1949లో చట్టము వచ్చెను. 1950 చట్టముతో ఏ జాతి పేట ఆ జాతిదే అయ్యెను. పెండ్లి చట్టము 1985లో గాని రద్దు కాలేదు. ఆ బాధ పడినవారు నేటికిని సజీవులై యున్నారు.

విని మనము అయ్యో అందుము. గిద్దలూరు ప్రాంతమున అట్టి చట్టము లేదు. 1950 నుండి రాజ్యాంగపు 17వ అధికరణము అంటరానితనమును నిషేధించినది. అయినను టీ హోటలులో మనకు వేరుగా పెట్టిన గ్లాసును మన పెద్దలు మరువలేదు. ఊరి బావిలో మన చేద పడరాదనిరి. ఎవరైన పోసినప్పుడే దోసిలి పట్టవలసి వచ్చెను.

మరి మన సంగతి? మాలపల్లె బావి వేరు, మాదిగపల్లె బావి వేరు. మిషనులును చాలవరకు ఆ గీత వెంబడినే నడిచెను: బాప్టిస్టులలో ఎక్కువగా మాదిగలు, ఎస్.పి.జి.లో ఎక్కువగా మాలలు. ప్రభు బల్ల యొద్ద ఒకే పాత్ర, సంబంధము మాట వచ్చినచో, "ఏ పల్లె?" అనియే మొదటి ప్రశ్న.

ఒకసారి మా పాటల బృందములోని ఇద్దరికి వివాహ ప్రకటన చదువవద్దని ఇరుపల్లెల పెద్దలు మా యింటికి వచ్చిరి. ఒక ఆదివారము మేము చదువక ఊరకుంటిమి. ఆ చిన్నది ఆ దినమున మా ముఖము చూడలేదు. పిమ్మట మూడు ఆదివారములు చదివితిమి. పెండ్లికి ఆమె తండ్రి రాలేదు. మనుమరాలి బాప్తిస్మము నాడు వెనుక బెంచీలో కూర్చుండెను.